పాత సినిమా మళ్ళీ తెరమీదికి వచ్చినప్పుడు మనం చూస్తున్నది ఏమిటి?

రామగిరి వాసి (నల్లగొండ)
మిత్రులందరికీ నమస్కారం. 2025 అక్టోబరు 31న విడుదలైన ‘బాహుబలి: ది ఎపిక్’ను మా అబ్బాయితో కలిసి చూసి వచ్చిన నాటి నుంచి ఒక సందేహం నన్ను వదలడం లేదు. 2015 జులైలో మొదటి భాగాన్నీ, 2017 ఏప్రిల్‌లో రెండో భాగాన్నీ నేను థియేటర్‌లోనే చూశాను. ఆ తర్వాత టీవీలో ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. కట్టప్ప ఎందుకు పొడిచాడో తెలిసి కూడా, మూడు గంటల ముప్పావు పాటు కదలకుండా కూర్చున్నాను. రెండు భాగాలను ఒకటిగా కుదించే క్రమంలో అవంతిక ప్రేమకథలో చాలా భాగాన్నీ కొన్ని పాటలనూ తీసివేశారు. నిజం చెప్పాలంటే వాటి లోటు నాకు తెలియలేదు. అయితే మరొకటి పోయింది. మొదటి భాగం ముగిసిన తర్వాత దాదాపు రెండేళ్లు మేం ఆఫీసులో, బస్సులో, పెళ్ళిళ్ళలో అదే ప్రశ్న వేసుకుంటూ గడిపాం. మా అబ్బాయికి ఆ ప్రశ్నా దాని జవాబూ ఒకే పూటలో దొరికాయి. వాడు బయటికి వచ్చి ‘బాగుంది నాన్నా’ అని ఊరుకున్నాడు. ఇద్దరం పక్కపక్క కుర్చీలలో కూర్చొని రెండు వేర్వేరు సినిమాలు చూశామేమో అనిపించింది.

2025 ఒక్క ఏడాదిలోనే మే 9న ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’, మే 30న ‘ఖలేజా’, ఆగస్టు 9న ‘అతడు’, నవంబరు 14న ‘శివ’ మళ్ళీ వచ్చాయి. మరోవైపు రెండో భాగాలు, మూడో భాగాలు వస్తూనే ఉన్నాయి. మన జిల్లాల ప్రేక్షకులు వీటిలో ఏవి చూశారో, ఏది నచ్చిందో, ఎందుకు నచ్చిందో రాయవలసిందిగా కోరుతున్నాను. ‘బాగుంది’, ‘బాగాలేదు’ అన్న ఒక్కమాట మాత్రం వద్దు.

పిల్లలమర్రి నీడ (మహబూబ్‌నగర్)
సార్, నేను ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ‘ఖలేజా’ 2010 అక్టోబరులో విడుదలైనప్పుడు నాకు అయిదేళ్ళు. అప్పట్లో అది ఆశించినంతగా ఆడలేదని మా బాబాయి చెబుతుంటారు. మా తరం దానిని టీవీలో చూసి, ఫోన్లలో ముక్కలు ముక్కలుగా చూసి, ఒక్కొక్క మాటనూ కంఠస్థం చేసింది. కాబట్టి మే నెలాఖరులో స్నేహితులతో కలిసి వెళ్ళినప్పుడు నేను పాత సినిమాకు వెళ్ళినట్టు అనిపించలేదు. నా లెక్కలో అదే దాని మొదటి విడుదల. 2010 నవంబరులోనే వచ్చి పరాజయం పాలైన ‘ఆరెంజ్’ విషయంలోనూ ఇదే జరిగింది. 2023 మార్చిలో మళ్ళీ విడుదల చేస్తే కాలేజీ పిల్లలు పాటలన్నీ తెరతో కలిసి పాడారు. ఒక సినిమాపై మొదటి వారంలో వచ్చిన తీర్పే ఆఖరి తీర్పు కావలసిన అవసరం లేదని, దానికి అప్పీలు ఉంటుందని ఈ రెండూ నిరూపించాయి. ఆ అప్పీలు వినడానికి పదమూడేళ్ళో పదిహేనేళ్ళో పట్టవచ్చు.

దేవరకొండ కోట (దేవరకొండ)
తమ్ముడు రాసిన దానిలో ఒక సంగతి మరుగున పడింది. తెరతో కలిసి పాడినవారి పక్కన కూర్చున్న మావంటివారికి తెర నుంచి ఒక్క మాట కూడా వినబడలేదు. 2022 ఆగస్టు 9న ‘పోకిరి’, 2024 ఆగస్టు 9న ‘మురారి’, 2025లో మళ్ళీ ఆగస్టు 9నే ‘అతడు’. తేదీ చూస్తే తెలుస్తుంది, అది సినిమా పండుగ కాదు, వీటి కథానాయకుడు మహేష్ బాబు పుట్టినరోజు పండుగ. నేను వెళ్ళిన ఒక థియేటర్‌లో కాగితపు ముక్కలు మోకాలి లోతున పేరుకుపోగా, రెండు వరుసల కుర్చీల సీట్లు చిరిగి స్పాంజి బయటపడింది. పాటకు అభిమానులు తెర ముందుకు వెళ్ళి ఆడడం వల్ల నేను వాళ్ల వీపులే చూశాను. ఇంట్లో టీవీ ముందు కూర్చుంటే కనీసం కథానాయకుడి ముఖమైనా కనబడేది కదా!

రీలుపెట్టె (మిర్యాలగూడ)
అయ్యా, అందరూ పాత సినిమా, పాత సినిమా అంటున్నారు గనుక ఒక మాట చెప్పాలనిపించింది. నేను 1986 నుంచి 2009 దాకా ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా పనిచేశాను. మన చిన్న పట్టణాలవాళ్లం ఆ రోజులలో చూసిన సినిమా, దర్శకుడు తీసిన సినిమా ఒకటి కావని నా నమ్మకం. కారణం చెబుతాను.

రెండున్నర గంటల సినిమా అంటే దాదాపు పదమూడున్నర వేల అడుగుల ఫిలిం, అంటే పద్నాలుగు రీళ్లు. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు నడుస్తుంది. రెండు రీళ్లు కలిపి ఒకటిగా చుట్టుకొని, రెండు ప్రొజెక్టర్లు పెట్టుకొని, ఒకదానిలో రీలు అయిపోవచ్చేసరికి రెండోదానిని అందుకునేవాళ్లం. తెర కుడివైపు పైమూలన ఒక చుక్క క్షణకాలం మెరిసేది, అదే మాకు గుర్తు. వెలుతురుకు కార్బన్ కడ్డీలు మండేవి. అవి కరిగేకొద్దీ దగ్గరికి జరుపుతూ ఉండాలి. ఏమరపాటున ఊరుకుంటే తెర మసకబారేది, కింది నుంచి ఈలలు మొదలయ్యేవి. ఇవన్నీ మా పని కష్టాలు, వాటి సంగతి అలా ఉంచండి. అసలు విషయం రీళ్లు పెట్టి పంపే బాక్సుది. పెద్ద ఊళ్ళలో వారాల తరబడి ఆడిన తర్వాతే ప్రింటు బాక్సు మా వంటి చోట్లకు, ఆపైన మండల కేంద్రాలకు చేరేది. అప్పటికే ఫిలిం నిండా నిలువు గీతలు పడి వాన కురుస్తున్నట్టు ఉండేది. తెగిన చోటల్లా రెండు మూడు ఫ్రేములు కత్తిరించి అతికిస్తాం కాబట్టి మాట మధ్యలో గెంతేది. ఒక్కొక్కసారి ఒకే ప్రింటుతో రెండు థియేటర్లు నడిపేవారు. ఇక్కడ నడిచిన రీలును కుర్రవాడు సైకిల్ మీద అక్కడికి తీసుకువెళ్ళేవాడు. అతడి సైకిల్‌కు గాలి పోయిన రోజున రెండో థియేటర్‌లో ఇంటర్వెల్ రెండుసార్లు ఇచ్చేవారు.

ఇప్పుడు చెప్పకూడనిది కూడా చెబుతాను. రెండో ఆట ఆలస్యమైతే ఆఖరి బస్సు పోతుందని జనం గొడవ చేసేవారు. అందుకని ఇంటర్వెల్ తర్వాత ఒక పాటను ఎగరగొట్టేవాళ్లం. ఏళ్ల తరబడి ఆ సినిమాను మూడుసార్లు చూశామని చెప్పుకున్నవారు ఆ పాటను ఒక్కసారి కూడా చూడలేదన్నమాట.

‘శివ’ 1989 అక్టోబరులో విడుదలైనప్పుడు మా థియేటర్‌లో తెర వెనుక ఉన్న స్పీకర్లే దిక్కు. నెల క్రితం దానిని శుభ్రం చేసిన, ఎంతో స్పష్టమైన 4కే బొమ్మతో, చుట్టుపక్కల నుంచీ పైనుంచీ వినిపించే డాల్బీ అట్మాస్ ధ్వనితో చూశాను. సైకిల్ చైను తెంపే చోట నా వెనుక ఎవరో లేచినట్టు అనిపించి తిరిగి చూశాను. నేను వందసార్లు నడిపిన సినిమా అది! కాబట్టి దేవరకొండ సార్, గోల సంగతి మీరన్నది నిజమే గాని, మన ఊళ్ళకు ఇది మళ్ళీ విడుదల కాదని, చాలా సినిమాలకు ఇదే అసలైన విడుదలని నేను అనుకుంటున్నాను.

మూసీ ఒడ్డు (సూర్యాపేట)
రీలుపెట్టె అన్నగారూ, మీరు ఎగరగొట్టిన పాటలకు మా అమ్మ తరఫున కూడా మీ మీద ఫిర్యాదు నమోదు చేస్తున్నాను. ఏ పాటను తీసెయ్యాలో ఎలా నిర్ణయించేవారో మీరు తప్పక చెప్పాలి.

రామగిరి గారు రెండో భాగాల గురించి కూడా అడిగారు. నాకు అర్థమైనంతవరకు, పేరును కొనసాగించిన సినిమాకూ మనిషిని కొనసాగించిన సినిమాకూ చాలా తేడా ఉంది. 1996 నాటి ‘భారతీయుడు’లో సేనాపతి లంచగొండులను చంపుతుంటే జనం చప్పట్లు కొట్టారు. కానీ ఆ సినిమా ఇన్నేళ్ళు మనసులో నిలబడడానికి కారణం అది కాదు. లంచం తీసుకొని బస్సుకు అనుమతి ఇచ్చిన కన్నకొడుకును కూడా ఆయన వదలకపోవడం. అక్కడ తండ్రి ఓడిపోయి, న్యాయం గెలిచింది. ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత, 2024 జులైలో రెండో భాగం వచ్చినప్పుడు అదే వేషం ఉంది, వేళ్లతో మర్మస్థానాల మీద కొట్టే అదే మర్మకళ ఉంది, శత్రువులు మరింత సంపన్నులయ్యారు. కానీ సేనాపతి సొంతంగా పోగొట్టుకోవడానికి ఏమీ మిగలలేదు. పోగొట్టుకునేది ఏదీ లేని మనిషిని చూసి నేను ఎందుకు భయపడాలి, ఎందుకు ఏడవాలి? ఇంటిల్లిపాదీ వెళ్ళి, ఇంటర్వెల్‌లో పిల్లలు ఇంటికి పోదామంటే కాదనలేకపోయాం.

దానికి పూర్తి విరుద్ధంగా ‘డీజే టిల్లు’కు రెండో భాగమైన ‘టిల్లు స్క్వేర్’ను చూడండి. 2022 నాటి టిల్లు 2024లోనూ బుద్ధి తెచ్చుకోలేదు, అదే తప్పు మళ్ళీ చేశాడు. అది లోపం కాదు, అతడి స్వభావం. మన ఇంట్లో కూడా ఒక చిన్నమామ ఉంటాడు, ప్రతి సంవత్సరం ఎవరో ఒకరికి పూచీకత్తు సంతకం పెట్టి వస్తాడు. అయినా పండుగకు అతడు రాకపోతే ఇల్లు ఇల్లులా ఉండదు. ‘హిట్’ వరుస మరో దారి పట్టింది. మొదటిదానిలో విశ్వక్ సేన్, రెండోదానిలో అడివి శేష్, మూడోదానిలో నాని. మనుషులు మారినా పోలీసు విభాగం ఒకటే. ఆలోచన మంచిదే గాని, మూడో భాగానికి ‘ఏ’ సర్టిఫికెట్ వచ్చేంతగా నెత్తురు పారించడంతో పిల్లలున్న నావంటివారికి తలుపు మూసుకుపోయింది.

వనపర్తి పంతులు (వనపర్తి)
మళ్ళీ విడుదలలు, రెండో భాగాలతో పాటు పాత కథనే కొత్తగా మొదటి నుంచి తీయడం కూడా ఉంది. దానికి రీబూట్ అన్న పేరు కొత్తది కావచ్చును గాని ఆ పని తెలుగువారికి కొత్త కాదు. తొలి తెలుగు టాకీ అయిన ‘భక్త ప్రహ్లాద’ 1932లో వచ్చింది. అదే పేరుతో 1942లో ఇంకొకటి, 1967లో రోజారమణి ప్రహ్లాదుడిగా మరొకటి వచ్చాయి. ఇప్పుడు 2025 జులై 25న ‘మహావతార్ నరసింహ’ యానిమేషన్‌గా వచ్చింది. తొంభై మూడేళ్లలో ఒకే పిల్లవాడు అదే స్తంభాన్ని చూపించి, అదే జవాబు చెబుతుంటే మనం టికెట్టు కొంటూనే ఉన్నాం. సినిమాకు పూర్వం మన పల్లెలలో చిందు భాగవతులు రాత్రంతా ఆడిన ప్రహ్లాద నాటకాన్ని ఈ లెక్కలో నేను కలపలేదు. నా చిన్నతనంలో హిరణ్యకశిపుడి వేషగాడు రంగం మీదికి వచ్చేముందు పిల్లలందరం తల్లుల వెనుక దాక్కునేవాళ్లం. తెల్లవారి అదే మనిషి మా వాకిట్లో బియ్యం అడిగితే నమ్మలేకపోయేవాళ్లం. జులైలో మా మనవరాలితో యానిమేషన్ సినిమాకు వెళ్ళినప్పుడు మా ముందు వరుసలోని ఒక వృద్ధురాలు, యాదగిరిగుట్ట మెట్ల దగ్గర విడిచినట్టే, చెప్పులు విడిచి కూర్చున్నది. ఆమెకు అది బొమ్మల సినిమా కాదు.

‘మాయాబజార్’ సంగతీ అంతే. మనందరికీ తెలిసిన 1957 నాటి దానికి ముందు 1936లోనే అదే కథ సినిమాగా వచ్చింది. కె.వి. రెడ్డి గారు తీసినది తొలి మాయాబజార్ కాదు, కానీ కొన్ని పనులు ఒకరు చేసిన తర్వాత మరొకరు చేయడానికి భయపడతారు. దానికి 2010 జనవరిలో రంగులు మాత్రం అద్దారు.

రామగిరి గారు ప్రస్తావించిన బాహుబలి విషయంలో నా మాట ఒకటి. అది మన పాత జానపద చిత్రాల వంశంలో పుట్టినది. చరిత్రలో లేని రాజ్యం, దాయాదుల పోరు, అడవిలో పెరిగిన రాకుమారుడు, నమ్మినబంటు: ఇవన్నీ మన కోదాడ ప్రాంతంలోని గుడిబండలో పుట్టిన కాంతారావు గారు కత్తి పట్టి తిరిగిన లోకంలోనివే. ఆయనను ‘కత్తి కాంతారావు’ అని పిలిచిన తరం నాది. ఆనాటి అట్ట కోటల మీద ఇప్పుడు వందల కోట్లు గుమ్మరించారు. పునాది మాత్రం అదే.

గద్వాల జరీ (గద్వాల)
పంతులు గారూ, మీరు పాత సినిమాల ఘనత చెప్పారు. నేను ఒక ఇబ్బంది చెబుతాను. నేను చీరల వ్యాపారంలో ఉన్నాను. నెలకోసారి హైదరాబాద్ వెళ్ళినప్పుడు మళ్ళీ విడుదలైన సినిమా ఏదైనా ఉంటే చూసి వస్తాను. రెండు వేల సంవత్సరం అటూఇటూ వచ్చిన కొన్ని సినిమాలు చూస్తుంటే ఒక విషయం గొంతులో ముల్లులా గుచ్చుకుంటుంది. వాటిలో మన యాస ఎక్కువగా రౌడీ నోటనో, పనివాడి నోటనో, నవ్వించే పాత్ర నోటనో వినిపిస్తుంది. కథానాయకుడు మాత్రం పుస్తకంలా మాట్లాడతాడు. అప్పుడు మేము కూడా నవ్వాం. ఇప్పుడు నా పక్కన కూర్చున్న మా అమ్మాయి నవ్వకుండా, ‘నాన్నా, ఆయన మన తాతలాగే మాట్లాడుతున్నాడు కదా, అందరూ ఎందుకు నవ్వుతున్నారు?’ అని అడిగింది. నా దగ్గర జవాబు లేకపోయింది. టిల్లు హైదరాబాద్ యాసలోనే ప్రేమించి, మోసపోయి, పోలీసులను బురిడీ కొట్టించినప్పుడు మా అమ్మాయి హాయిగా నవ్వింది. మాట అదే, కానీ ఆ మాట ఎవరి నోటిలో ఉందన్నదే తేడా. 2023 మార్చిలో ఇంటిపెద్ద చావు చుట్టూ తిరిగే ‘బలగం’ వచ్చినప్పుడు ఊళ్ళలో తెర కట్టి వేస్తే, చూసి ఏడ్చినవారు సినిమా ఏడుపు ఏడవలేదు. ఇంటి పొత్తుల ఏడుపు ఏడ్చారు.

నాకున్న కోరిక ఒక్కటే. పుట్టినరోజు సినిమాలకు ఇంత ఖర్చు పెడుతున్నవారు 1980లో వచ్చిన ‘మా భూమి’ని శుభ్రం చేసి ఒక్క వారం పాటు మన జిల్లాల థియేటర్లలో వేయరాదా? తెలంగాణ సాయుధ పోరాటం జరిగిన నేల మీద, సుద్దాల హనుమంతు గారి ‘పల్లెటూరి పిల్లగాడా’ను పెద్ద తెర మీద వినని తరాలు రెండు ఉన్నాయి. సుద్దాల మన పాత నల్లగొండ జిల్లాలోని ఊరే కదా.

పిల్లలమర్రి నీడ (మహబూబ్‌నగర్)
జరీ అన్నగారూ, ‘మా భూమి’ వేస్తే మా హాస్టల్ నుంచి కనీసం ఇరవై మందిమి వస్తాం; మాట ఇస్తున్నాను.

పంతులు గారి మాటలకు ఒకటి జతచేస్తాను. ఇంగ్లీషు సినిమాలలో స్పైడర్‌మ్యాన్ ముఖాన్ని 2002లో ఒకరు, 2012లో మరొకరు, 2017లో ఇంకొకరు ధరించారు. చివరికి 2021లో ముగ్గురినీ ఒకే కథలోకి తెచ్చారు. కథ అదే, పురుగు కుట్టడం అదే, నటుడు మాత్రం మారుతాడు. 1993లో మొదలైన జురాసిక్ వరుసలో మనుషులు మారుతూనే ఉంటారు, 2025 జులైలో వచ్చిన ‘రీబర్త్’ దాకా రాక్షసబల్లులే కథానాయకులు. తెలుగులో ‘జగదేకవీరుడు’ కథను కొత్త నటుడితో తీస్తామంటే మనం ఒప్పుకోం. కానీ కృష్ణుడిగా ఎందరు వేసినా ఒప్పుకున్నాం. అంటే పౌరాణికంలో మనం పాత్రను చూస్తాం, సాంఘికంలో నటుడిని చూస్తాం. నిర్మాతలకు ఇది బాగా తెలుసు, అందుకే కొత్తగా తీసే కష్టం మానుకొని పాతదానికే నీళ్లు పోసి కడిగి తెస్తున్నారని నా అనుమానం.

దేవరకొండ కోట (దేవరకొండ)
రీలుపెట్టె గారు రాసినది చదివిన తర్వాత నా మొదటి మాటను కొంత సవరించుకుంటున్నాను. నాకు సినిమా మీద కోపం లేదు, ధర మీద ఉంది. 2021 డిసెంబరులో మన ప్రభుత్వం ఇచ్చిన 120వ నంబరు ఉత్తర్వు ప్రకారం ఏసీ థియేటర్‌లో జీఎస్టీ కాకుండా 50 నుంచి 150 రూపాయలు, మల్టీప్లెక్స్‌లో 100 నుంచి 250 రూపాయలు. ఇది కొత్త సినిమాకు సరే. ముప్పై అయిదేళ్ల కిందట ఖర్చులన్నీ తిరిగి వచ్చిన సినిమాకు కూడా పై అంచు ధరే ఎందుకు? పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి వంద రూపాయల లోపు టికెట్టు మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పాత సినిమాకు వంద లోపే పెడితే థియేటర్‌వాళ్లకూ లాభమే. 2024 మే నెలలో వేయడానికి సినిమాలు లేక, వచ్చేవారూ లేక మన రాష్ట్రంలో ఒంటి తెర థియేటర్లను దాదాపు పది రోజులు మూసుకున్నారు. అటువంటి ఖాళీ వారాలలోనే జరీ గారు అడిగిన సినిమా వేయవచ్చు. ఆగస్టు 9న మాత్రం వద్దు.

రీలుపెట్టె (మిర్యాలగూడ)
జరీ గారి కోరిక మంచిదే గాని, పని అంత తేలిక కాదు. 4కే అని పోస్టర్ మీద వేసినంత మాత్రాన సరిపోదు, ప్రింట్లన్నిటికీ మూలమైన ఫిలిం, అంటే నెగెటివ్ చేతికి రావాలి. నెగెటివ్ బాగుంటే ఒక్కొక్క ఫ్రేమునూ స్కాన్ చేసి, మరకలూ గీతలూ తుడిచి, రంగు సరిచేస్తారు. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన రెండున్నర గంటలకు రెండు లక్షలు దాటుతాయి. నెగెటివ్ పాడైపోతే మిగిలిన ప్రింటే గతి. మేము కత్తిరించి పారేసిన ఫ్రేములు ఆ ప్రింటులో ఉండవు, వాటిని ఏ యంత్రమూ తిరిగి తేలేదు. ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

మూసీ ఒడ్డు చెల్లెమ్మా, ఏ పాటను తీసేవాళ్లమన్న మీ ప్రశ్నకు జవాబు. ఇంటర్వెల్ తర్వాత వచ్చే రెండో పాటను తీసేవాళ్లం. మొదటి పాట తీస్తే సోడాలు తాగి అప్పుడే వచ్చి కూర్చున్నవారు ఊరుకోరు, మూడోది తీస్తే క్లైమాక్స్ ముందు కథ అర్థం కాదు. రెండో పాటకు ఎలాగూ సగం మంది బయటికి వెళతారు.

మూసీ ఒడ్డు (సూర్యాపేట)
అన్నగారూ, ఆ సగం మందిలో మా అమ్మ ఎప్పుడూ లేదు. ‘శివ’ ఇంకా ఆడుతున్న థియేటర్ ఏదైనా మీ దగ్గరలో ఉంటే చెప్పండి, ఆదివారం అమ్మను తీసుకువస్తాను. మీరు కూడా రండి, రెండో పాట అయ్యేదాకా మిమ్మల్ని కుర్చీలోంచి లేవనివ్వనని ఆవిడ ఇప్పటికే అంటున్నది.